మారిషసు దీవిలో మంచి భోజనము

దూరదేశమునకు యాత్ర బయలుదేరువారికి మూడు చింతలుండును. ప్రయాణ మెట్లు? బస ఎక్కడ? భోజన మెట్లు? వీనిలో మొదటి రెండింటిని ఇల్లు విడువక ముందే తీర్చుకొనవచ్చును. టిక్కెట్టు కొన్నచో ప్రయాణము నిశ్చయమగును. ముందుగా వ్రాసియుంచినచో బస సిద్ధమగును. మూడవ చింత మాత్రము అట్టిది కాదు. అది ప్రతిదినము మూడుమారులు ఎదుటికి వచ్చి నిలుచును. ఊరు క్రొత్త, భాష క్రొత్త, రుచులు క్రొత్త. ఎక్కడ తినవలెను? ఏమి తినవలెను? ఎవరి నడుగవలెను? ఈ ప్రశ్నలకు సమాధానములు కనుగొనుట ఒక విద్య. ఆ విద్యను నేర్చుకొనుటకు మారిషసు దీవి చక్కని పాఠశాల.

మారిషసు హిందూమహాసముద్రమున, మడగాస్కరునకు తూర్పుగా సుమారు 800 కిలోమీటర్ల దూరమున నున్నది. దాని పొడవు సుమారు 65 కిలోమీటర్లు. వెడల్పు సుమారు 45 కిలోమీటర్లు. దీవిని చాలవరకు పగడపుదిబ్బలు చుట్టుకొనియున్నవి. మహాసముద్రపు కెరటములు ఆ దిబ్బలకు తాకి విరిగిపోవును. దిబ్బలకును తీరమునకును నడుమ నున్న నీరు చెరువునీటివలె నిలుకడగా, నీలముగా, తేటగా నుండును. ఆ నీటిని, తెల్లని ఇసుకను, చెరకుతోటల నడుమ లేచిన నల్లని కొండలను చూచుటకు సాధారణముగా ఏటేట పదిలక్షలకు మించిన యాత్రికులు వచ్చుచుందురు.

వీరిలో పెక్కుమంది సముద్రతీరమున నున్న పెద్ద హోటళ్లలో దిగుదురు. అచ్చట భోజనమునకు కొదువలేదు. పొడవైన బల్లలమీద పలుదేశముల వంటకములు వరుసగా నమర్చబడియుండును. కాని అట్టి బల్లలు లోకమందలి ఏ దీవిలోనైనను ఇట్లే యుండును. వారము దినములు ఆ బల్లయొద్దనే తిని తిరిగి వచ్చినవాడు మారిషసు సముద్రమును చూచినవాడగును గాని, మారిషసు అన్నమును తిన్నవాడు కాడు. మరి ఆ అన్నము ఎక్కడ దొరకును? దానిని కనుగొనవలెనన్నచో ముందుగా ఆ దీవికి ఎవరెవరు వచ్చిరో తెలిసికొనవలెను.

మారిషసులో ఆదిమవాసులు లేరు. అచ్చటి ప్రజలందరును ఎక్కడనుండియో వచ్చినవారి సంతతివారే. డచ్చివారు 1638లో అచ్చట వలస యేర్పరచి, చెరకును, జావాదీవి లేళ్లను తెచ్చిరి. 1710లో దీవిని విడిచి వెళ్లిరి. ఫ్రెంచివారు 1715లో దానిని తమదిగా ప్రకటించి, మడగాస్కరునుండియు ఆఫ్రికాఖండమునుండియు బానిసలను తెచ్చి పనిచేయించిరి. 1810లో దీవి ఆంగ్లేయుల వశమయ్యెను. 1835లో బానిసత్వము రద్దయినది. చెరకుతోటలకు కూలీలు కావలసివచ్చిరి. 1834 మొదలు 1920 వరకు సుమారు ఐదులక్షలమంది, చాలవరకు భారతీయులు, ఒడంబడికలపై ఓడలలో అచ్చటికి చేరిరి. వారిలో బీహారువారు అధికులు. తమిళులు, మరాఠీలు, తెలుగువారు కూడ నుండిరి. తరువాత చీనాదేశమునుండి వర్తకులు వచ్చి దుకాణములు పెట్టిరి.

వచ్చినవారెవరును వట్టిచేతులతో రాలేదు. ఫ్రెంచివారు రొట్టె కాల్చు పద్ధతిని, బీహారువారు పప్పుపూరీని, దక్షిణభారతీయులు వడను, చింతపండు పులుసును, చీనావారు ఆవిరిపై ఉడికించు ముద్దలను తమతో తెచ్చుకొనిరి. చిన్న దీవిలో ఇరుగుపొరుగున వండుకొనుచుండగా ఒకరి పోపు ఇంకొకరి కుండలో పడెను. కావున మారిషసులో మంచి భోజనమును వెదకుట యనగా ఈ వచ్చినవారి వంటయిండ్లను వెదకుటయే. అవి నేడు తీరపు హోటళ్లలో కంటె వీధులలోను, అంగళ్లలోను ఎక్కువగా కనబడును.

కాకినాడనుండి ఒక కుటుంబము సెలవులకు మారిషసు వెళ్లినదనుకొందము. తండ్రి, తల్లి, ఎనిమిదవ తరగతి చదువు కుమార్తె. తండ్రి జాగ్రత్తపరుడు, వీధిలో అమ్మునది తినుట ఆయనకు పడదు. తల్లి శాకాహారి. మొదటిదినము వారు సముద్రపుటొడ్డున, అందమైన గొడుగుల క్రింద కుర్చీలు వేసిన పూటకూళ్లయింటికి వెళ్లిరి. వంటకముల పట్టిక నాలుగు భాషలలో నున్నది. అందులో నూరు వంటకములున్నవి. గుమ్మముకడ నొక మనుష్యుడు నిలిచి దారినపోవువారిని లోపలికి పిలుచుచుండెను. లోపల కూర్చున్నవారందరును యాత్రికులే. భోజనము చల్లగా వచ్చెను. చీటీ మాత్రము వేడిగా వచ్చెను. తల్లికి దొరకినది ఉడికించిన కూరగాయల పళ్లెము. ఆ రాత్రి ముగ్గురును తాము తెచ్చుకొన్న అటుకులు తిని పండుకొనిరి.

మరునాటి ఉదయము బాలిక బసలో పనిచేయు ఒక ముసలితోటమాలిని సమీపించెను. ఆమె అతనిని “ఇచ్చట మంచి హోటలేది?” అని యడుగలేదు. “మీరు ఉదయమున ఏమి తినుదురు? ఎక్కడ కొందురు?” అని యడిగెను. ఈ రెండు ప్రశ్నలకును చాల భేదమున్నది. మొదటి ప్రశ్న నడిగినచో యాత్రికులకు తగినదని తాననుకొన్న చోటును అతడు చెప్పియుండెడివాడు. రెండవ ప్రశ్నకు అతడు నవ్వి, తాను రోజును కొను చోటునే చూపెను.

అది రాజధానియగు పోర్ట్ లూయీలో, బస్సులు నిలుచు స్థలమునకు సమీపమున నొక చిన్న బండి. దానిమీద మూకుడులో నూనె కాగుచున్నది. అమ్మువాడు పచ్చని పిండిముద్దలను వ్రేళ్లతో చేసి అందులో విడుచుచున్నాడు. వానిపేరు ‘గాతో పీమా’. ఫ్రెంచిమాటనుబట్టి చూచినచో ‘మిరపకాయ భక్ష్యము’ అని యర్థము. తల్లి యొకదానిని విరిచి చూచి ఆశ్చర్యపడెను. నానబెట్టి రుబ్బిన పప్పు, పచ్చిమిరప, ఉల్లికాడ, కొత్తిమీర. “ఇది మన పప్పువడ కాదా!” అని ఆమె యనెను. కాని పనికి పోవుచున్న మనుష్యులు దానిని వెన్నపూసిన ఫ్రెంచిరొట్టె నడుమ నుంచి అదిమి తినుచుండిరి. దక్షిణభారతపు వడయు, ఫ్రెంచివారి రొట్టెయు ఒక్క గ్రుక్కలో కలిసిపోయిన చోటు లోకములో ఎన్ని యుండును?

తండ్రికి మాత్రము సందేహము తీరలేదు. వీధిబండి ఆహారము ఆరోగ్యమునకు మంచిదా యని ఆయన వెనుదీయుచుండెను. అప్పుడు బాలిక, “నాన్నగారూ, ఇతడు వేయించినది వేయించినట్లే అమ్ముడగుచున్నది. చల్లారుటకే దానికి తీరిక లేదు. నిన్నటి వంటకములు వండి ఎంతసేపైనదో మనకు తెలియదు కదా!” అనెను. ఆ మాటలో నిజమున్నది. ఆహారము చెడుటకు ముఖ్యకారణము వండినదానిని గోరువెచ్చగా చాలసేపు నిలువయుంచుట. ఆ వెచ్చదనమునందే సూక్ష్మజీవులు త్వరగా వృద్ధిపొందును. కన్నులయెదుట సలసల కాగుచున్న నూనెలోనుండి తీసి చేతికిచ్చినది అంతకంటె క్షేమము. జనము ఎడతెగక కొనుచున్న చోట సరకు నిలువయుండదు. కావున పొడవైన వరుస రుచికే గాక ఆరోగ్యమునకు కూడ గుర్తు. నీటి విషయమునను, ముందే కోసియుంచిన పండ్ల విషయమునను మాత్రము జాగ్రత్త విడువరాదు. తండ్రి ఒక వడ తినెను. తరువాత నాలుగు తినెను.

మధ్యాహ్నమున వారు ఓడరేవునకు దగ్గరగా నున్న కేంద్రవిపణికి పోయిరి. అచ్చట గుట్టలుగా పోసిన కూరగాయలను దాటి, కచేరీలలో పనిచేయువారు బారులు తీరిన చోటికి చేరిరి. వారు కొనుచున్నది ‘ధోల్ పూరీ’. పసుపు వేసి ఉడికించిన పప్పును పొడిగా విసరి, దానిని గోధుమపిండి ఉండలో పూర్ణమువలె పెట్టి, పలుచగా వత్తి, పెనముమీద కాల్చుదురు. మన యిండ్లలో బొబ్బట్టు చేయు పద్ధతియే యిది; తీపి మాత్రము లేదు. దీనిని జతగా అమ్ముదురు. రెండు పూరీలలో చిక్కుడుగింజల కూర, టొమాటోతో చేసిన ‘రుగాయ్’, కొత్తిమీర పచ్చడి వేసి, కాగితములో చుట్టి యిత్తురు. మిరపకాయ పచ్చడి కావలెనా యని యడుగుదురు. బీహారు గ్రామములలో పెండ్లిండ్లకు చేసికొను ఈ భక్ష్యము నేడు మారిషసులో కూలివానికి, గుమాస్తాకు, విద్యార్థికి నిత్యాహారము. అందులో మాంసము లేదు, వెల తక్కువ, నిలుచుండియే తినవచ్చును. రెండుదినములుగా అర్ధాకలితో నున్న తల్లి ఆ పూట తృప్తిగా భోజనము చేసెను. పిదప వారు ‘ఆలూదా’ అను చల్లని పాలపానీయమును త్రాగిరి. అందులో నానిన సబ్జాగింజలు, సముద్రపునాచునుండి తీసిన పదార్థముతో చేసిన మెత్తని ముక్కలు నుండెను.

అంగడులకు తమ వేళలున్నవి. పోర్ట్ లూయీ పగటి పట్టణము. కచేరీలు మూయగానే జనము ఇండ్లకు పోవుదురు. సాయంకాలమునకు పెక్కు వీధులు నిర్మానుష్యములగును. మంచి బండివాని సరకు మధ్యాహ్నము దాటులోపలనే అయిపోవచ్చును. యాత్రికుడు తన వేళకు అన్నము దొరకవలెనని కోరక, అన్నము దొరకు వేళకు తాను పోవలెను. మహెబూరు పట్టణమున సోమవారపు సంత ప్రసిద్ధము. ఫ్లాకులో బుధవారమును, ఆదివారమును సంత జరుగును. సంత జరుగుచోట సంతకు వచ్చినవారికొరకై వండువారుందురు. అట్టిచోట వంట ఎన్నడును దూరపువారికొరకై చప్పబడదు.

సంతకు పోయినచో ఇంకొక సంగతి కూడ తెలియును. మారిషసు తనకు కావలసిన ఆహారములో అధికభాగమును ఇతరదేశములనుండి కొనుచున్నది. అచ్చటి సాగుభూమిలో ఎక్కువభాగము చెరకే. బియ్యము, గోధుమ ఓడలమీద రావలసినదే. కావున దూరమునుండి వచ్చిన వస్తువులతో చేసిన వంటకమునకు వెల హెచ్చు. దీవిలో పండినది, దీవినీటిలో దొరకినది తాజాగాను, చౌకగాను ఉండును. ఆకుకూరలు, బెంగుళూరు వంకాయలు, ఉప్పుకారము అద్ది యిచ్చు చిన్నజాతి అనాసపండ్లు, నవంబరు డిసెంబరు మాసములలో ఎఱ్ఱని గుత్తులుగా వచ్చు లిచీపండ్లు ఇట్టివి. ఏ కాలమున ఏది పండునో తెలిసికొని అడుగువాడు మోసపోడు.

తరువాతి దినములలో వారు మరికొన్ని వంటయిండ్లను కనుగొనిరి. రాజధానిలోని చీనావారి పేటలో ‘బులెత్’ అను ఆవిరిముద్దలను రసములో వేసి యిత్తురు. ‘తిరగేసిన గిన్నె’ యను నొక వంటకమును చూచి బాలిక చప్పట్లు కొట్టెను. గిన్నె అడుగున వేయించిన గ్రుడ్డు, దానిపై కూర, ఆపై అన్నము పెట్టి అదిమి, పళ్లెములో బోర్లించుదురు; గిన్నె తీయగా అన్నపు గుమ్మటముపై గ్రుడ్డు సూర్యునివలె కూర్చుండును. తండ్రికి ఆవపిండి, పసుపు, వెల్లుల్లి, పులిసిన ద్రావకము కలిపి చేసిన ‘విందాయ్’ అను చేపకూర నచ్చెను. మంచుపెట్టెలు లేని కాలమున చేపను కొన్నిదినములు చెడకుండ నిలుపుటకు ఆవయు, పులుపును తోడ్పడెను. అవసరము కనిపెట్టిన ఉపాయము నేడు రుచియై నిలిచినది.

ఒకనాడు పల్లెలో జాలరుల యిండ్లనడుమ నున్న చిన్న పూటకూళ్లయింట తండ్రి ఆక్టోపసు కూర నడిగెను. “నేడు లేదు” అని ఆ యింటి యిల్లాలు చెప్పెను. మొదట ఆయనకు నిరాశ కలిగెను. తరువాత విషయము తెలిసినది. ఆక్టోపసులు పెరిగి గ్రుడ్లు పెట్టుటకు వ్యవధి నిచ్చు నుద్దేశముతో, మారిషసు దేశమునకు చెందిన రోడ్రిగ్సు దీవిలో 2012 మొదలుకొని ఏటేట కొంతకాలము వాని వేటను ఆపుచున్నారు. అట్టి నియమము మారిషసులో కూడ వచ్చినది. నూరు వంటకముల పట్టికయున్న చోట “లేదు” అను మాట వినబడదు. నాలుగే వంటకములు చేయుచు, లేనిదానిని లేదని చెప్పగల యిల్లు నమ్మదగినది. తండ్రి ఆమె వండిన చేపపులుసే తిని, తాను ఆ దీవిలో తిన్న భోజనములలో నదియే శ్రేష్ఠమని చెప్పెను.

తిరుగుప్రయాణమునకు ముందుదినము వారు మరల పోర్ట్ లూయీకి వచ్చి, తోటమాలి చూపిన బండియొద్ద వడలు కొని, కాగితములో చుట్టించుకొని, రేవువైపు నడచిరి. అచ్చట ‘ఆప్రవాసీ ఘాట్’ అను ప్రదేశమున్నది. భారతదేశమునుండి ఓడలలో వచ్చిన కూలీలు దిగి, కొన్నిదినములు నిలిచి, తోటలకు పంపబడిన డిపో యిది. దీనిని 1849లో నిర్మించిరి. 2006లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించెను. నీటియొద్దనుండి పైకెక్కు రాతిమెట్లు ఇప్పటికిని కలవు.

ఆ మెట్లయెదుట తండ్రి కోరంగి పేరు తలచెను. కాకినాడకు సమీపమున గోదావరి సముద్రమున గలియుచోట కోరంగి యొకప్పుడు పెద్ద ఓడరేవు. 1839లో వచ్చిన ఉప్పెన దానిని పాడుచేసెను. ఆ రేవునుండి కూడ తెలుగుకూలీలు ఈ దీవికి ఓడలెక్కిరి. ఐదేండ్లకు ఒడంబడిక. మగవానికి నెలకు ఐదురూపాయల కూలి. బియ్యము, పప్పు, ఉప్పు, నూనె బత్తెముగా నిచ్చెడివారు. ఒకదినము పనికి రానిచో రెండుదినముల కూలి కోసెడి పద్ధతి యుండెను. ఇల్లు, పొలము, గుడి, బంధువులు సముద్రమున కావలివైపు నిలిచిపోయిరి. బత్తెముగా దొరకిన పిడికెడు పప్పును తమ తల్లులు రుబ్బినట్లు రుబ్బుకొని తినుటకు మాత్రము వారినెవరును అడ్డగింపలేకపోయిరి. వారి సంతతివారికి నేడు ఉగాది పండుగ దేశమంతటికి సెలవుదినము. మారిషసు పాఠశాలలలో తెలుగు కూడ బోధింపబడుచున్నది.

బాలిక తన చేతిలోని కాగితపు పొట్లమును చూచెను. వడ యింకను వెచ్చగా నుండెను. వీధిలో అమ్మునది తినరాదని మొదటిదినము పట్టుపట్టిన తండ్రి, ఆమె చేతిలోనుండి ఒకటి తీసికొని, మెట్లవైపు చూచుచు మెల్లగా తినెను. ముగ్గురిలో ఎవరును కొంతసేపు మాటలాడలేదు.

ఆ కుటుంబము నేర్చుకొన్నది మారిషసునకు మాత్రమే చెల్లునది కాదు. ఏ దీవికి పోయినను, ఏ యూరికి పోయినను, అచ్చటివారు తినుచోట, అచ్చటివారు తినువేళ, అచ్చటివారితో కలిసి తినవలెను. ముందుగా నమస్కరించి, పిదప వెల యడుగవలెను. తెలియనిదానిని తెలియదని చెప్పి అడుగువానికి ఆప్యాయముగా వడ్డింపనివారు అరుదు. అట్లు తిన్న భోజనము ఆకలిని తీర్చుటయే గాక, దానిని మొట్టమొదట వండినవారు ఎవరో, ఏ కష్టములు దాటి వచ్చిరో తెలియజెప్పును. వండినవారిని ఎఱిగి తిన్న అన్నము ఎన్నటికిని మఱపునకు రాదు.